భారీ వాహన శిక్షణ మన బిడ్డల హక్కు
(లింగంపల్లిలో డ్రైవర్ల కుటుంబాలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీల హక్కులు అనగానే రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, స్కాలర్‌షిప్పులు మన మనసులో మెదులుతాయి. వాటి గురించి ఎన్నో సభలు పెట్టుకున్నాం, ఇక ముందూ పెట్టుకుంటాం. ఈ రోజు మాత్రం మన వేదికల మీద అంతగా చర్చకు రాని ఒక విషయాన్ని మీ ముందు ఉంచదలచాము. భారీ వాహనాలు, వాణిజ్య వాహనాలు నడపడానికి చట్టం తప్పనిసరి చేసిన డ్రైవింగ్ శిక్షణ గురించి మాట్లాడదలచాము. వినడానికి ఇది రవాణా శాఖ వ్యవహారంలా అనిపించవచ్చు. మన బస్తీలలో ఎన్ని ఇళ్ళ పొయ్యి స్టీరింగ్ మీద ఆధారపడి వెలుగుతున్నదో తెలిసినవారికి ఇది ఇంటి వ్యవహారమే.

లింగంపల్లి ఒకప్పుడు నగరానికి పడమటి కొసన ఉన్న ఒక రైల్వే స్టేషను, దానికి కాస్త దూరంలో బీహెచ్‌ఈఎల్ కార్మికుల నివాసాలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003లో ఎంఎంటీఎస్ రైలు లింగంపల్లి వరకు వచ్చింది. 2007లో శేరిలింగంపల్లి మహానగర పాలక సంస్థలో కలిసింది. ఈ పాతికేళ్ళలో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేట రూపురేఖలు మారిపోయాయి. ఆ భవనాలకు ఇసుక, కంకర, సిమెంటు మోసినది టిప్పర్లు, లారీలు. ఆ భవనాలలో పనిచేసేవారిని తెల్లవారుజామున, అర్ధరాత్రి చేరవేస్తున్నది కంపెనీ బస్సులు, క్యాబ్‌లు. వాటి స్టీరింగ్ పట్టిన చేతులలో మన యువకుల చేతులు ఎన్నో ఉన్నాయి.

ఇది కంటికి కనిపించే సంగతి మాత్రమే కాదు, అధికారిక నివేదికలలోనూ ఉన్నది. 2006 నవంబరులో ప్రధానమంత్రికి సమర్పించిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు నెలజీతపు ఉద్యోగాలలో తక్కువగాను, స్వయం ఉపాధిలో ఎక్కువగాను ఉన్నారని తేల్చింది. వ్యాపారం, రోడ్డు రవాణా, వాహనాల మరమ్మతు వంటి పనులలో మన వాటా ఇతరుల కంటే ఎక్కువ అని కూడా చెప్పింది. అంటే బండి నడపడం, బండి బాగుచేయడం మన సమాజానికి ముఖ్యమైన జీవనాధారాలు.

అయితే ఈ వృత్తిలో కూడా మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు ఆటో. రెండవది క్యాబ్ లేదా చిన్న సరుకు బండి. ఆపైన డీసీఎం, లారీ, టిప్పర్, కంపెనీ బస్సు, ఆర్టీసీ బస్సు. పైమెట్టుకు వెళ్ళేకొద్దీ నెలజీతం, భవిష్యనిధి, స్థిరమైన డ్యూటీ దొరికే అవకాశం పెరుగుతుంది. మన యువకులలో చాలామంది మొదటి రెండు మెట్ల మీదే ఆగిపోతున్నారు. ఎందుకు ఆగిపోతున్నారన్నదే ఈనాటి మన ప్రశ్న.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988 నాటిది, దాని కింద వచ్చిన కేంద్ర నియమావళి 1989 నాటిది. వీటి ప్రకారం రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి. చిన్న వాహనం లైసెన్సు చేతికి వచ్చి కనీసం ఏడాది గడవాలి. వైద్యుని ధ్రువపత్రం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రభుత్వ గుర్తింపు గల డ్రైవింగ్ స్కూలులో శిక్షణ పొందినట్లు ఫారం 5 అనే సర్టిఫికెట్ సమర్పించాలి. ఈ స్కూళ్ళలో రవాణా వాహనాల శిక్షణ 30 రోజులకు తగ్గరాదు, స్టీరింగ్ పట్టి నడిపిన సమయం 15 గంటలకు తగ్గరాదు.

ఒకప్పుడు దీనికి తోడు మరొక నిబంధన ఉండేది. రవాణా వాహనం నడపదలచినవారు కనీసం 8వ తరగతి చదివి ఉండాలి. కారు నడిపేవారికి ఆ షరతు లేదు. బతుకుతెరువు కోసం లారీ నడిపే పేదవానికి ఉన్నది. బడి మధ్యలో మానేసి, పదేళ్ళు లారీ మీద క్లీనర్‌గా తిరిగి, ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగిన కుర్రవానికి ఆ తలుపు మూసి ఉండేది. ఇతరుల సర్టిఫికెట్లతోనో, దొంగ సర్టిఫికెట్లతోనో కొందరు ఆ తలుపు దాటారు. దొరికినవారు లైసెన్సునూ, బతుకునూ కోల్పోయారు.

ఆ నిబంధన ఎలా పోయిందో మనం గుర్తుంచుకోవాలి. హర్యానాలోని మేవాత్ ప్రాంతంలో ముస్లింలు అధికసంఖ్యాకులు. ఆర్థికంగా బాగా వెనుకబడిన ప్రాంతం. అక్కడి కుటుంబాలు ఎన్నో డ్రైవింగ్ మీద ఆధారపడి బతుకుతున్నాయి. నడపడం వచ్చు, చదువు లేదు. ఆ ప్రాంతపు డ్రైవర్లకు చదువు షరతు నుండి మినహాయింపు ఇవ్వాలని హర్యానా ప్రభుత్వం కేంద్రాన్ని కోరింది. దేశంలో రవాణా రంగానికి సుమారు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉన్నదని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2019 జూన్‌లో చెబుతూ, ఆ షరతును దేశమంతటా తొలగిస్తున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం నియమావళిని సవరించారు. మేవాత్ డ్రైవర్ల కోసం మొదలైన మాట లింగంపల్లి డ్రైవరుకు కూడా తలుపు తెరిచింది.

కానీ ఆ షరతును తొలగించే వేళ మంత్రిత్వ శాఖ ఒక మాట గట్టిగా చెప్పింది. చదువు షరతు పోయినా శిక్షణలో, నైపుణ్య పరీక్షలో రాజీ ఉండదన్నది ఆ మాట. 2019లో సవరించిన చట్టం కూడా చదువు అర్హతను తీసివేసి, శిక్షణ సర్టిఫికెట్‌ను అలాగే ఉంచింది. కాబట్టి బడి చదువు లేని మన బిడ్డకు ఇక మిగిలిన ఒకే అర్హత ఆ శిక్షణ. ఆ శిక్షణ నిజమైనదైతే అతనికి వృత్తి దక్కింది. ఉత్త కాగితమైతే, మొదట బడి పోయింది, ఇప్పుడు రెండవ బడి కూడా పోయింది.

ఇక్కడే మనం మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. కొన్ని చోట్ల ఫీజు కడితే చాలు, తరగతికి వెళ్ళకపోయినా ఫారం 5 చేతికి వస్తుందని మన యువకులే చెబుతుంటారు. పరీక్ష నాటికి ఎవరి లారీనో ఒక గంట తిప్పి చూపించి, ట్రాక్ మీద గట్టెక్కిస్తారని చెబుతుంటారు. అది విని మనం కూడా ‘పని అయిపోయింది కదా’ అని ఊరుకుంటున్నాం. ఇందులో మోసపోతున్నది ఎవరు? ఫీజు కట్టినది మనం. 30 రోజుల శిక్షణకు హక్కుదారులు మనం. ఆ 30 రోజులను మన దగ్గర నుండి తీసుకొని, బదులుగా ఒక కాగితం ఇస్తున్నారు.

ఆ 30 రోజులలో ఏమి నేర్పాలో నియమావళి పాఠ్యాంశాల వారీగా రాసి పెట్టింది. భారీ వాహనం నడిపే విధానం, ట్రాఫిక్ నియమాలు, వాహన యంత్ర భాగాలు, బండి సంరక్షణ, ప్రయాణికులతోను ప్రజలతోను మెలిగే తీరు, మంటలు చెలరేగితే ఏం చేయాలి, గాయపడినవారికి ప్రథమ చికిత్స ఎలా చేయాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. ‘మా వాడు పదేళ్ళు క్లీనర్‌గా తిరిగాడు, వాడికి ఎవరు నేర్పాలి’ అని పెద్దలు అంటారు. క్లీనర్‌గా నేర్చుకున్న విద్యను మేము తక్కువ చేయడం లేదు. టైరు మార్చడం, తాడు బిగించడం, ఇంజను వేడిని కనిపెట్టడం తరగతిలో కంటే అక్కడే బాగా వస్తాయి. కానీ ఉస్తాద్‌కు తెలియనిది శిష్యునికి రాదు. ఉస్తాద్ చేసే తప్పు కూడా శిష్యునికి విద్యగానే అందుతుంది.

కొన్ని ఉదాహరణలు చెబుతాము. భారీ వాహనాలకు గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులు ఉంటాయి. గాలి తగినంత నిండకముందే బండి కదిలిస్తే ప్రమాదం. పల్లంలో గేరు వదిలి న్యూట్రల్‌లో దింపితే డీజిలు మిగులుతుందని కొందరు ఉస్తాద్‌లు నేర్పుతారు. అలా దించినప్పుడు ఇంజను పట్టు పోయి, బరువంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. లారీకి ఎడమ పక్కన, ముందు బంపరు కింద డ్రైవరుకు కనిపించని చోటు ఉంటుంది. ఎడమకు మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకొని వస్తాయి. లింగంపల్లి చౌరస్తాలో, నల్లగండ్ల మలుపులో ఆ ఎడమ పక్కనే ద్విచక్ర వాహనం మీద ఒక తల్లి, వెనుక బడి సంచితో ఒక బిడ్డ ఉంటారు. ఈ నాలుగు సంగతులు తెలిసి నడపడానికీ, తెలియక నడపడానికీ మధ్య ఒక ప్రాణం ఉన్నది.

2025 నవంబరు 3న చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద కంకర నింపిన టిప్పర్, తాండూరు నుండి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొన్న ఘోరాన్ని మనం ఇంకా మరువలేదు. కంకర కింద కూరుకుపోయి మనుషులు చనిపోయారు. తప్పు ఎవరిదో, రోడ్డుది ఎంతో, బండిది ఎంతో అనేది విచారణ తేల్చవలసిన విషయం. మేము దానిలోకి వెళ్ళడం లేదు. టిప్పర్ ఎంత బరువైన బాధ్యతో అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క ఉదయం చాలు అని మాత్రమే అంటున్నాము.

ఇక బీమా సంగతి. ఇది కుటుంబాలలోని స్త్రీలు కూడా శ్రద్ధగా వినవలసిన విషయం. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ మొట్టమొదట అడిగేది లైసెన్సు. నడిపిన బండికి తగిన లైసెన్సు లేదని తేలితే ఏమవుతుంది? బాధితులకు కంపెనీ ముందుగా పరిహారం చెల్లించి, తరువాత ఆ సొమ్మును బండి యజమాని నుండి వసూలు చేసుకోవడానికి కోర్టులు అనుమతి ఇస్తున్నాయి. 2004లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పులో ఈ సూత్రాన్ని వివరంగా చెప్పింది. పెద్ద కంపెనీ యజమానికి అది ఒక లెక్క. అప్పుచేసి పాత టిప్పర్ కొనుక్కొని తానే నడుపుకొనే మన సోదరునికి అది ఇల్లు అమ్ముకొనే పరిస్థితి. అంతేకాదు, యజమానే డ్రైవరు అయినప్పుడు అతని ప్రాణానికి తప్పనిసరిగా ఉండవలసిన 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. లైసెన్సులో లోపం ఉంటే భర్త పోయిన ఇంటికి ఆ ఆసరా కూడా దక్కదు.

జరిమానాలు కూడా పెరిగాయి. 2019 సవరణ తరువాత తగిన లైసెన్సు లేకుండా నడిపినవారికి 5,000 రూపాయలు, అలాంటివారి చేతికి బండి ఇచ్చిన యజమానికి మరొక 5,000 రూపాయలు జరిమానా పడవచ్చు. ‘ఈ ఒక్క ట్రిప్పు కొట్టు, ఏమీ కాదు’ అని యజమాని అన్నప్పుడు, ఆ మాట వెనుక ఇంత ఉన్నదని మన యువకులు గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక అపోహను కూడా తొలగించాలి. 2024 నవంబరు 6న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం డ్రైవర్లకు ఎంతో మేలు చేసే తీర్పు ఇచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని, చిన్న వాహనం లైసెన్సు ఉన్నవారు వేరే అనుమతి లేకుండా నడపవచ్చని తేల్చింది. అలాంటి డ్రైవర్ల వల్లనే ప్రమాదాలు పెరుగుతున్నాయనడానికి తమ ముందు ఎలాంటి గణాంకాలూ పెట్టలేదని కూడా ధర్మాసనం గమనించింది. క్యాబ్‌లు, చిన్న సరుకు బండ్లు నడిపే వేలాది కుటుంబాలకు ఇది పెద్ద ఊరట.

కానీ ఈ తీర్పును కొందరు ‘ఇక ఏ బండికైనా కారు లైసెన్సు చాలు’ అని ప్రచారం చేస్తున్నారు. అది తప్పు. 7,500 కిలోలు దాటితే పాత షరతులన్నీ వర్తిస్తాయి. ఈ బరువు అంటే ఖాళీ బండి బరువు కాదు, బండి, దానికి అనుమతించిన సరుకు కలిపిన మొత్తం బరువు. మనం వాడుకలో డీసీఎం అని పిలిచే బండ్లలో కొన్ని ఈ హద్దుకు లోపల ఉంటాయి, కొన్ని దాటిపోతాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. కాబట్టి తాళం చెవి తీసుకొనే ముందు ఆర్సీలో మొత్తం బరువు ఎంత రాసి ఉన్నదో చూడండి. 7,500 నుండి 12,000 కిలోల వరకు మధ్యతరహా సరుకు వాహనం, 12,000 దాటితే భారీ సరుకు వాహనం. పెట్రోలు, గ్యాసు, రసాయనాల వంటి ప్రమాదకరమైన సరుకు తీసుకుపోయే ట్యాంకర్లకు ఇవన్నీ పోగా ప్రత్యేక శిక్షణ, లైసెన్సు మీద ప్రత్యేక నమోదు ఉండాలి.

మరి మన యువకులు నిజమైన శిక్షణకు ఎందుకు వెళ్ళడం లేదు? సోమరితనం వల్ల అని మేము అనుకోవడం లేదు. రోజు కూలి మీద బతికేవానికి 30 రోజుల తరగతి అంటే 30 రోజుల ఆదాయం మీద దెబ్బ అనే భయం. ఫీజు ఒక భారం. దూరం మరొక భారం. 2021 జూలై నుండి కేంద్రం గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల విధానాన్ని తెచ్చింది. ఇక్కడ మధ్యతరహా, భారీ వాహనాల కోర్సు 6 వారాలలో 38 గంటలు. ఉత్తీర్ణులైనవారికి రవాణా కార్యాలయంలో మళ్ళీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. విధానం మంచిదే. కానీ భారీ వాహనాలు నేర్పే కేంద్రానికి కనీసం 2 ఎకరాల స్థలం ఉండాలని నిబంధన. కోకాపేట, నల్లగండ్ల ప్రాంతాలలో ఎకరం ధర ఎంతో మీకు తెలుసు. అటువంటి కేంద్రం ఇక్కడ ప్రైవేటుగా వెలుస్తుందని ఆశించలేం. అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో ప్రభుత్వం ఏర్పాటు చేసిన మంచి శిక్షణ సంస్థ సిరిసిల్ల వద్ద మండేపల్లిలో ఉన్నది. లింగంపల్లి నుండి అది 100 కిలోమీటర్లకు పైబడిన దూరం.

కాబట్టి ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి.

మొదటిది, శేరిలింగంపల్లి పరిసరాలలో ప్రభుత్వ స్థలంలో భారీ వాహన శిక్షణ కేంద్రం. ఈ ప్రాంతపు రోడ్ల మీద తిరిగే టిప్పర్లకు, కంపెనీ బస్సులకు డ్రైవర్లు కావాలి. వారిని తయారుచేసే చోటు కూడా ఇక్కడే ఉండాలి.

రెండవది, శిక్షణ ఫీజును మైనారిటీల ఆర్థిక సంస్థ భరించాలి. గతంలో ఆ సంస్థ ద్వారా ఆటోలు, క్యాబ్‌లు సబ్సిడీ మీద ఇచ్చారు. ఎన్నో కుటుంబాలు బాగుపడ్డాయి. అయితే బండి ఇచ్చే పథకం మనిషిని మొదటి మెట్టు మీద నిలబెడుతుంది. పైమెట్టు ఎక్కించేది శిక్షణ. ఒక బండి సబ్సిడీకి అయ్యే ఖర్చుతో పలువురికి శిక్షణ ఇప్పించవచ్చు.

మూడవది, పని వేళలకు సరిపోయే తరగతులు. 6 వారాలలో 38 గంటలు అంటే రోజుకు సగటున గంట కూడా కాదు. ఉదయపు డ్యూటీకి, సాయంత్రపు డ్యూటీకి మధ్య దొరికే మధ్యాహ్న వేళలో, లేదా ఆదివారాలలో తరగతులు పెడితే ఎవరి కూలీ పోనవసరం లేదు.

నాలుగవది, ఉర్దూలోను, తెలుగులోను బోధన. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండవ అధికార భాషగా ప్రకటించారు. ఆ ప్రకటన బోర్డుల మీద ఆగిపోకుండా డ్రైవింగ్ పాఠాల దాకా రావాలి. చదవడం రానివారికి బొమ్మలతో, మాటలతో చెప్పాలి.

అయిదవది, తనిఖీ. ప్రతి డ్రైవింగ్ స్కూలు శిక్షణార్థి నడిపిన గంటలను ఫారం 15 అనే రిజిస్టరులో నమోదు చేయాలని నియమావళి చెబుతున్నది. ఆ రిజిస్టర్లను అధికారులు నిజంగా తెరిచి చూడాలి.

ప్రభుత్వం చేయవలసింది చెప్పాము. మనం చేయవలసింది కూడా ఉన్నది. స్కూలులో చేరే ముందు గోడ మీద దాని లైసెన్సు ఉన్నదా, నేర్పే బండికి శిక్షకుని వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉన్నాయా చూడండి. మీరు నడపని గంటలకు ఆ రిజిస్టరులో సంతకం పెట్టవద్దు. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి. కంటి పరీక్షను తంతుగా భావించవద్దు. రాత్రిళ్ళు ఎదురు లైట్లకు కళ్ళు చెదురుతున్నాయంటే డాక్టరుకు చెప్పండి, దాచవద్దు. రవాణా వాహనం లైసెన్సు ఇప్పుడు 5 ఏళ్ళు చెల్లుతుంది. గడువు తేదీని ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి. గడువు తీరి ఏడాది దాటితే మళ్ళీ డ్రైవింగ్ పరీక్షకు నిలబడాలి.

తల్లిదండ్రులకు మరొక మాట. భారీ వాహనానికి చదువు షరతు పోయింది కదా అని పిల్లల బడి మాన్పించకండి. చట్టంలో పోయినా, మంచి ఉద్యోగాలలో ఆ షరతు పోలేదు. 2025లో తెలంగాణ ఆర్టీసీలో 1,000 డ్రైవరు ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. దానికి పదవ తరగతి కావాలి, భారీ వాహనం లైసెన్సు కావాలి. బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నా, ఈ రెండూ లేనివాడు దరఖాస్తు కూడా పెట్టలేడు. రిజర్వేషన్ కోసం ఏళ్ళ తరబడి పోరాడిన మనం, దానిని అందుకొనే అర్హతను కూడా మన పిల్లలకు సమకూర్చాలి.

ఈ వృత్తి మగవారికే అని కూడా అనుకోవద్దు. మన తెలంగాణ బిడ్డ వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొట్టమొదటి మహిళా బస్సు డ్రైవరుగా చేరారు. మన అక్కచెల్లెళ్ళలో నేర్చుకోవాలనుకొనేవారు ఉంటే వారికి దారి ఇవ్వడం మన ధర్మం. శిక్షణ కేంద్రం కావాలని అడిగేటప్పుడు, అందులో మహిళలకు వేరే తరగతి, మహిళా శిక్షకులు కూడా కావాలని అడుగుదాం.

చివరగా మా మనవి ఒక్కటి. ఈ సమావేశం ముగిశాక ప్రతి బస్తీ నుండి ఇద్దరు బాధ్యత తీసుకొని తమ బస్తీలోని డ్రైవర్ల జాబితా రాయండి. ఎవరికి ఏ లైసెన్సు ఉన్నది, గడువు ఎప్పుడు, ఎవరు భారీ వాహనం నేర్చుకోవాలనుకుంటున్నారు, ఎవరు లైసెన్సుకు మించిన బండి నడుపుతున్నారు, ఇవి నాలుగే ప్రశ్నలు. ఆ జాబితాలను కలిపి మనం శాసనసభ్యునికి, రవాణా శాఖకు, మైనారిటీల ఆర్థిక సంస్థకు అర్జీ పెడదాం. సంఖ్య చేతిలో ఉంటే మన మాటకు బరువు ఉంటుంది. ఈలోగా తమ లైసెన్సుకు మించిన బండి నడుపుతున్న సోదరులు ఆ పని ఆపి, ముందు శిక్షణలో చేరాలని మా విజ్ఞప్తి. ఆ కొద్ది వారాలు వారి ఇల్లు గడవడానికి తోడ్పడటం మన బస్తీ పెద్దల బాధ్యత.